ఆర్ద్రత ఒకరికి, సెంటిమెంటు ఇంకొకరికి

రెండు వారాల క్రితం ఆదివారం సాయంత్రం మైలాపూర్‌లో ఒక చిన్న హాల్లో కథల పుస్తకం ఆవిష్కరణకి వెళ్ళాను. రాసినావిడకి డెబ్బై నాలుగేళ్ళు. పెళ్ళయ్యాక, భర్త రైల్వే ఉద్యోగం వల్ల ఒంగోలు దగ్గర పల్లె నుంచి పెరంబూరు వచ్చి, ఇక ఇక్కడే ఉండిపోయారు. ఇదే ఆవిడ మొదటి పుస్తకం. పద్నాలుగు కథలు, నలభై ఏళ్ళలో అప్పుడొకటి ఇప్పుడొకటిగా రాసినవి. సొంత డబ్బుతో అయిదు వందల ప్రతులు వేయించుకున్నారు. ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. రాయొద్దన్నారు.

హాల్లో నలభై మందిమి ఉంటాం. ఎక్కువమంది అరవై దాటిన ఆడవాళ్ళు. ముఖ్య అతిథి రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన. నాకు ఆయనంటే చాలా గౌరవం. బడిలో తమిళం, ఇంట్లో తెలుగుతో పెరిగిన నాలాంటి వాళ్ళకి తెలుగు కథని ఎలా చదవాలో చెప్పినవాళ్ళలో ఆయన ఒకరు. అందుకే ఆ రోజు ఆయన మాట అంతగా గుచ్చుకుందేమో.

అరగంట మాట్లాడారు. ఇరవై నిమిషాలు తెలుగు కథ పుట్టుక, పెరుగుదల. మిగతా పది నిమిషాల్లో పుస్తకం గురించి చెప్పింది ఇదీ: "భాష సాఫీగా ఉంది. కుటుంబ విలువలున్నాయి. సెంటిమెంట్ పాలు కొంచెం ఎక్కువైంది. ఆడవాళ్ళు రాసే కథల్లో అది సహజమే." కొందరు నవ్వారు. తర్వాత మాట్లాడిన ఇద్దరూ అదే మాట అందుకున్నారు. ఒకాయన, కన్నీళ్ళు తగ్గించి ఆలోచన పెంచమని సలహా ఇచ్చారు. వేదిక మీద ఆవిడ ఒళ్ళో చిన్న డైరీ పెట్టుకుని, ఎవరేం చెప్పినా రాసుకుంటూ కూర్చున్నారు.

తిరుమయిలై స్టేషన్లో వేళచ్చేరి రైలెక్కి పుస్తకం తెరిచాను. ఇంటికొచ్చాక కూడా మూయలేదు. ఈ రెండు వారాల్లో పద్నాలుగు కథలూ చదివాను, కొన్ని రెండేసి సార్లు. మూడు చోట్ల ఏడ్చాను. ఈ సంగతి చెబితే నా స్నేహితురాలు వెంటనే అడిగింది: "మరి మాస్టారు చెప్పిందాంట్లో తప్పేముంది? ఏడిపించే కథలేగా?"

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కోవడానికే ఇది రాస్తున్నాను. నాకు ఇప్పటికి తేలింది ఇది. "సెంటిమెంట్ ఎక్కువైంది" అన్న మాట మన సభల్లో విమర్శగా చెల్లిపోతోంది. కానీ చాలాసార్లు అది ఒక ఆడమనిషి పుస్తకాన్ని పూర్తిగా చదవకుండానే పక్కన పెట్టడానికి పనికొచ్చే మర్యాదైన మాట.

ఎవరూ ఏడవని కథ

పుస్తకంలో తొమ్మిదో కథ డబ్బింగ్ చెప్పే ఆవిడ గురించి. కోడంబాకం స్టూడియోల్లో పాతికేళ్ళు హీరోయిన్లకి గొంతు అరువిచ్చిన మనిషి. ఆవిడ ప్రత్యేకత ఏడుపు. వెక్కిళ్ళు, గొంతు పూడుకుపోవడం, అరిచి అరిచి అలిసిపోయిన శోకం, ఏది కావాలంటే అది ఒకే టేకులో ఇస్తుందని కబురు చేసి పిలిపించేవాళ్ళు. తెలుగు సినిమా హైదరాబాదు తరలిపోయాక పని తగ్గింది. ఒకరోజు భర్త పోతాడు. చుట్టాలు, ఇరుగుపొరుగు వచ్చి కూర్చుంటారు. ఆవిడ ఏడవడానికి నోరు తెరుస్తుంది. వచ్చిన మొదటి శబ్దం అచ్చం ఒక సినిమాలో తను చెప్పిన ఏడుపులా ఉంటుంది. అది తన చెవికే తెలుస్తుంది. నోరు మూసేసుకుంటుంది. పదకొండు రోజులూ ఇక ఏడవదు. ఊరివాళ్ళు రాతి గుండె అనుకుంటారు. చివరి రాత్రి అందరూ వెళ్ళిపోయాక స్టవ్ వెలిగించి గోరువెచ్చగా నీళ్ళు కాచుకుంటుంది. ఏడుపు సీనుకి ముందు గొంతు కోసం ఎప్పుడూ తాగే నీళ్ళు. గ్లాసు పట్టుకుని కూర్చుంటుంది. కథ అక్కడ అయిపోతుంది.

ఈ కథలో ఒక్క కన్నీటి చుక్క కూడా రాలదు. ఏడుపుని వృత్తిగా చేసుకున్న మనిషికి తన ఏడుపు తనకి మిగలకపోవడం ఎంత నష్టమో చెప్పే కథ ఇది. సెంటిమెంటు గురించి మనం సభలు పెట్టి మాట్లాడుకోవాల్సిన సంగతంతా ఆరు పేజీల్లో ఉంది. ఇంత దగ్గర, మద్రాసు తెలుగువాళ్ళ బతుకులోంచి వచ్చిన కథ. ముగ్గురు వక్తల్లో ఒక్కరూ దీని పేరెత్తలేదు.

మాస్టారికి ఫోన్ చేశాను. ఏం కథలు నచ్చాయండీ అని అడిగాను. ఆయన దాచుకోలేదు. "నాలుగే చదవగలిగానమ్మా, కళ్ళకి శ్రమగా ఉంటోంది" అన్నారు. ఆయన వయసు ఎనభై దగ్గర. నాకు కోపం రాలేదు. కానీ ఒకటి మాత్రం వదలకుండా ఆలోచించాను. నాలుగు కథలు చదివి, మిగతా పదీ ఎలా ఉంటాయో చెప్పగలనన్న ధీమా ఆయనకి ఎక్కడినుంచి వచ్చింది? ఒక మగవాడి మొదటి పుస్తకం గురించి అయితే, నాలుగు కథలు చదివి "మగవాళ్ళు రాసే కథల్లో ఇది సహజమే" అని ఎవరైనా అన్నారా? నేను వినలేదు.

ఒకే తడి

ఇదే మాస్టారు రెండేళ్ళ క్రితం ఇంకో సభలో కరుణశ్రీ 'పుష్పవిలాపం' పద్యాలు చదువుతూ మధ్యలో ఆగిపోయారు. గొంతు పెగల్లేదు. కండువాతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టారు. హాలంతా చప్పట్లు. బయటికొస్తూ అందరూ అన్న మాట, ఎంత ఆర్ద్రంగా చదివారు! నేనూ అన్నాను, మనస్ఫూర్తిగా అన్నాను. ఆ పద్యాల్లో ఏడ్చేది పువ్వులు. కోయొద్దని పువ్వులు వేడుకుంటే కరిగిపోవడానికి మనకి ఏ అభ్యంతరమూ లేదు. ఆ కవి కలం పేరులోనే కరుణ ఉంది, అది ఆయనకి బిరుదులా వెలిగింది. భవభూతి కరుణ ఒక్కటే రసమన్నాడు. ఉత్తరరామచరితం మూడో అంకంలో రాముడు ఏడుస్తాడు, మూర్ఛపోతాడు, తేరుకుని మళ్ళీ ఏడుస్తాడు. దాన్ని గొప్ప నాటకమని పాఠం చెప్పుకున్నాం.

ఆర్ద్రత అంటే తడి. కన్నీళ్ళు కూడా తడే. మాట మాత్రం మారిపోతుంది. సమీక్షల్లో గమనించి చూడండి. మగవాడు అమ్మ గురించి రాస్తే ఆర్ద్రత, మానవీయ స్పర్శ, గుండె తడి. ఆడమనిషి కూతురి గురించి రాస్తే సెంటిమెంట్.

మగ రచయితల్ని కూడా సెంటిమెంట్ అని తీసిపారేసిన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. పుష్పవిలాపాన్ని కూడా ఇష్టపడని ఆధునికులు ఉన్నారు. కాబట్టి ఇది గీత గీసినట్టు ఉండే సూత్రం కాదు. కానీ మగవాడి విషయంలో ఆ తప్పు ఆ ఒక్క రచనకే అంటుకుంటుంది. ఆడవాళ్ళ విషయంలో జాతి మొత్తానికి అంటుకుంటుంది. "సహజమే" అన్న ఒక్క మాటలో ఆ తేడా అంతా ఉంది.

బీనాదేవి పేరుతో భార్యాభర్తలిద్దరు కలిసి రాశారు. ఆ కథలు ముందు పెట్టి, ఏ వాక్యం ఆయనది, ఏది ఆవిడది అని విడదీయమంటే ఎవరు విడదీయగలరు? వారపత్రికల్లో రచయిత్రులకి గిరాకీ ఉన్న 1960లు, 70లలో ఆడపేర్లు పెట్టుకుని రాసిన మగవాళ్ళు కూడా ఉన్నారు. పాఠకులు వాటినీ చదివారు, ఏడ్చారు. మరి అందులో సహజం ఏది?

ఇంకో చిత్రం ఉంది. సినిమా విషయంలో ఇదే మాట మెచ్చుకోలు. "మదర్ సెంటిమెంట్ బాగా పండింది", "సెకండాఫ్‌లో సిస్టర్ సెంటిమెంట్ సినిమాని నిలబెట్టింది" అని రాస్తారు. అక్కడ సెంటిమెంట్ పంట, పుస్తకంలోకి వచ్చేసరికి కలుపు. యద్దనపూడి సులోచనారాణి నవలలే సినిమాలై థియేటర్లు నింపాయి. తెర మీద చూసి ఇంటిల్లిపాదీ కళ్ళు తుడుచుకున్నారు. అదే కథని మధ్యాహ్నం పనులయ్యాక పుస్తకంలో చదువుకుని ఏడ్చిన ఆడవాళ్ళని మాత్రం తేలిగ్గా చూశారు.

మాస్టారు చెప్పిన కథా చరిత్ర కూడా మళ్ళీ గుర్తు చేసుకున్నాను. 1910 నాటి 'దిద్దుబాటు' ఉంది. 1902లో 'హిందూసుందరి'లో వచ్చిన భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' లేదు. మొదటి కథ ఏదన్న తగువులోకి నేను వెళ్ళను. కానీ ఇరవై నిమిషాల చరిత్రలో ఆవిడకి ఒక్క వాక్యం దొరకలేదు. ఇదే మద్రాసులో డాక్టర్ కేసరి 1928లో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టి, రచయిత్రులకి స్వర్ణకంకణం ఇచ్చి గౌరవించారు. కేంద్ర సాహిత్య అకాడెమీ మాత్రం 1955 నుంచి పురస్కారాలిస్తూ, తెలుగులో ఒక స్త్రీకి మొదటిసారి ఇచ్చింది 1982లో. ఇల్లిందల సరస్వతీదేవి కథల పుస్తకానికి.

అమ్మ బైండు పుస్తకాలు

మా అమ్మ వారపత్రికల్లోంచి సీరియళ్ళు కత్తిరించి బైండు చేయించుకునేది. పదకొండు పుస్తకాలుండేవి. గోధుమరంగు అట్టలు, వెన్ను మీద నల్ల గుడ్డ. నాన్న వాటిని ఏడుపుగొట్టు పుస్తకాలనేవారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, అలవాటుగా. నాకూ ఆ మాటే అలవాటైంది. కాలేజీలో చేరి పెద్ద రచయితల పేర్లు నేర్చుకున్నాక వాటిని ముట్టుకోవడమే మానేశాను. 2009లో టీనగర్ ఇల్లు ఖాళీ చేసి వేళచ్చేరి వచ్చేటప్పుడు, చోటు లేదని పదకొండూ పాత పేపర్ల కొట్లో వేశాను. అమ్మ "పోనీలే" అంది. అమ్మ పోయి ఇప్పటికి తొమ్మిదేళ్ళు. ఆ "పోనీలే" నాకు ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది.

ఆ పుస్తకాల అంచుల్లో అమ్మ పెన్సిల్‌తో రాసేది. ఎక్కువ కాదు, ఒకటో రెండో మాటలు. పదో తరగతి సెలవుల్లో నేను చదివిన ఒక నవలలో, ఏళ్ళ తరబడి భార్యని బాధపెట్టిన భర్త ఆఖరి అధ్యాయంలో పశ్చాత్తాపపడి ఆమె చేతులు పట్టుకుంటాడు. ఆ పక్కన అమ్మ అక్షరాలు: "మారడు."

ఏమ్మా ఇలా రాశావు అని అడిగాను. "మారడుగా మరి" అంది. మరి చదువుతూ ఎందుకేడ్చావు అంటే, "మారితే బాగుండును కదే" అంది.

అమ్మకి ఏది నిజమో తెలుసు, ఏది కావాలో కూడా తెలుసు. రెండూ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టుకుని చదివింది. ఇలాంటి పాఠకురాల్ని ఊహాలోకంలో తేలిపోయే మనిషి అని ఎలా అంటాం? మాలతీ చందూర్ ఈ ఊళ్ళోనే ఉండి, ఆంధ్రప్రభలో 'ప్రమదావనం' శీర్షికని దాదాపు అర్ధ శతాబ్దం నడిపారు. అమ్మ ఆవిణ్ణి "మన ఊరావిడ" అనేది. సీరియల్ చదివి ఏడ్చిన ఆడవాళ్ళే ఆ శీర్షికకి ఉత్తరాలు రాశారు. ఆస్తి గురించి, చదువు గురించి, మొగుడి తాగుడు గురించి. సూటిగా వచ్చిన జవాబులు చదువుకున్నారు. ఆ తర్వాత అదే రచయిత్రి 'పాత కెరటాలు'లో పరిచయం చేసిన ప్రపంచ నవలలు కూడా చదివారు. ఏడవడం, ఆలోచించడం వేరువేరు మనుషులు చేసే పనులని మన వక్తలు ఎందుకనుకుంటారో నాకు అర్థం కాదు.

ఇక్కడ నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న ఒకటుంది. 1980ల నుంచి స్త్రీవాదులు త్యాగమయి అమ్మనీ, అన్నీ ఓర్చుకునే భార్యనీ గట్టిగా ప్రశ్నించారు. ఆ కన్నీళ్ళు ఆడవాళ్ళని ఉన్నచోటే కూర్చోబెట్టడానికి పనికొచ్చాయన్నారు. ఇది న్యాయమైన మాట, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ వాళ్ళు కథలోకి దిగి, ఆ కన్నీరు ఎవరికోసం కారింది, దానివల్ల ఎవరికి లాభం అని అడిగారు. చదివినవాళ్ళే ఆ ప్రశ్న అడగగలరు. "పాలు ఎక్కువైంది" అనడానికి చదవనక్కర్లేదు.

అక్కయ్య కథ

పుస్తకంలో నాకు నచ్చనివి నాలుగున్నాయి. అందులో మరీ బాగోలేనిది అక్కయ్య కథ. తండ్రి పోతే పద్దెనిమిదేళ్ళకే టైపిస్టుగా చేరి, తమ్ముళ్ళని చదివించి, తను పెళ్ళి చేసుకోకుండా ఉండిపోయిన అక్క. తమ్ముళ్ళు పెద్దవాళ్ళై మర్చిపోతారు. ఆఖరున జబ్బు, ఆస్పత్రి, తలగడ కింద ఉత్తరం. ఇలాంటివి మనం చాలా చదివాం. అక్కకి ఒక్క చెడ్డ ఆలోచన రాదు, ఒక్కసారి విసుగు రాదు. తమ్ముళ్ళలో ఒక్కడికీ ముఖం లేదు. రచయిత్రి మనల్ని మెడ పట్టుకుని ఏడవమంటున్నట్టుంది. దీన్ని ఎవరైనా సెంటిమెంటల్ అంటే నేను వాదించను.

కానీ సభలో జరిగింది చెప్పాలి. చివర్లో, ఎవరైనా మాట్లాడతారా అని అడిగితే వెనక వరసలోంచి ఒకావిడ లేచారు. డెబ్బై దాటి ఉంటారు. పుస్తకం ముందే చదివినట్టున్నారు. మైకు దగ్గరికి రాలేదు, ఉన్నచోటే నిలబడి, "ఆ అక్కయ్య కథ నాదే. ఎవరూ రాయలేదు ఇన్నాళ్ళూ" అని కూర్చున్నారు. అధ్యక్షులు ధన్యవాదాలు చెప్పి వందన సమర్పణకి వెళ్ళిపోయారు.

దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు చాలా రోజులు తెలియలేదు. ఒక మనిషి నాదే అన్నంత మాత్రాన కథ మంచిదైపోదు. అలా ఒప్పుకుంటే ఇక విమర్శ అనేదే ఉండదు. కానీ ఆవిడ చెప్పింది కథ గొప్పదని కాదు కదా. ఎవరూ రాయలేదన్నారు. అక్కయ్య త్యాగం గురించి మనకి వంద కథలున్నాయి, సినిమాలున్నాయి. అయినా ఆవిడకి ఎవరూ రాయలేదనిపించింది. పదిసార్లు ఆలోచిస్తే నాకు తట్టింది ఆ టైపు మిషను. కథలో ఒకచోట అక్క చిటికెన వేలు వంకరపోయి ఉంటుంది, ముప్పై ఏళ్ళు టైపు కొట్టడం వల్ల. గాజులు వేసుకునేటప్పుడు ఆ వేలు అడ్డం వస్తుంది. ఆ ఒక్క వాక్యం నిజం. వెనక వరస ఆవిడ చేతులు నేను చూడలేదు, కాబట్టి ఇది నా ఊహే. కానీ ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకుని, మిగతా కథంతా దీనిలా ఎందుకు లేదు అని అడిగి ఉంటే, అది రచయిత్రికి ఉపయోగపడే ప్రశ్న అయ్యేది.

నా లెక్క ఇది: కన్నీరు తెప్పించడం తప్పు కాదు. ముందు కథ ఎంత ఇచ్చి, తర్వాత ఆ కన్నీరు అడుగుతోందన్నది చూడాలి. అక్కయ్య కథ ఒక వంకర వేలు తప్ప ఏమీ ఇవ్వకుండా బిందెడు అడిగింది. డబ్బింగ్ కథ అంతా ఇచ్చి ఏమీ అడగలేదు.

ఆ చివరి పేరా

ఈ రెంటికీ మధ్యలో ఉంది నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ. 2019 ఎండాకాలం, జోలార్‌పేట నుంచి మద్రాసుకి రైళ్ళలో నీళ్ళు తెచ్చిన సంవత్సరం. చాకలిపేటలో ఒక సందు. మాటలు లేని అత్తాకోడళ్ళు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు. మెట్రోవాటర్ లారీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి తెల్లవారుజామునే బిందెలు వరసలో పెట్టాలి. అత్తగారు మూడున్నరకి లేచి తన నీలం బిందె పెడుతుంది. దాని ముందు కోడలి ఎర్ర బిందె పెడుతుంది. కోడలు అయిదింటికి వచ్చి తన బిందె వరసలో ఉండటం చూస్తుంది, ఎవరు పెట్టారో తెలుస్తుంది, ఏమీ అనదు. నలభై రోజులు ఇలాగే. ఒకరోజు అత్తగారు నిద్రలో పోతుంది. దినాలయ్యాక కోడలు తెల్లవారుజామున సందులోకి వస్తే, వరసలో ఒక బిందె పట్టేంత ఖాళీ ఉంటుంది. ఎవరూ జరగలేదు.

నేను అక్కడే ఏడ్చాను. కానీ కథ అక్కడ ఆగలేదు. ఇంకో పేరా ఉంది. కోడలు నీలం బిందె తెచ్చుకుని గుండెలకి హత్తుకుని, అత్తయ్యా నన్ను క్షమించు అని వెక్కివెక్కి ఏడుస్తుంది. ఆ పేరా నాకు వద్దు. ఆ ఖాళీ చెప్పాల్సిందంతా చెప్పేసింది.

మొన్న శనివారం ఆవిడకి ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. భయపడుతూనే చెప్పాను. కొంచెంసేపు అవతల్నుంచి మాట లేదు. తర్వాత కాగితాలు తిప్పుతున్న చప్పుడు. డైరీ తెరిచారు.

"సభలో సెంటిమెంట్ అన్న మాట ఆరుసార్లు రాసుకున్నానమ్మాయ్. ఎక్కడ ఎక్కువైందో ఒక్కరూ చెప్పలేదు. ఏ కథలో, ఏ పేజీలో అని చెబితే సరిచేసుకునేదాన్ని కదా. నువ్వు చెప్పింది ఎన్నో పేజీ?"

తొంభై రెండు అన్నాను. రాసుకున్నారు.

"ఆ పేరా తీసేస్తే ఆ పిల్ల ఏడవలేదనుకుంటారేమో అని పెట్టాను" అన్నారు.

ఏడ్చిందని తెలుస్తుందమ్మా అన్నాను.

"మా అత్తగారు పోయినప్పుడు నేను ఏడవలేదు. అందరూ అదే చెప్పుకున్నారు. కథలోనైనా పెడదామనుకున్నాను" అన్నారు. ఆ తర్వాత తొమ్మిదో కథ గురించి అడిగారు, అది చదివావా అని. చదివానన్నాను. అరగంట దాని గురించే మాట్లాడుకున్నాం. రెండో ముద్రణ వేస్తే తొంభై రెండో పేజీ సంగతి ఆలోచిస్తానన్నారు. ఇప్పటికి మాత్రం మంచం కింద ఇంకా మూడు వందల ఇరవై ప్రతులున్నాయట.